స్పాంజి ఫిల్టర్‌ను చిన్నచూపు చూడకండి

చెరువులో చేపలకు ఫిల్టర్ ఎవరు పెట్టారని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువుకైనా, భూపాలపల్లి దగ్గరి గణపురం చెరువుకైనా అడుగున బురద, ఒడ్డున తుంగ, గాలి తగిలే ఎకరాలకొద్దీ నీళ్ళు ఉన్నాయి. ఫిల్టర్ చేసే పని అవే చేస్తాయి. 60 లీటర్ల గాజుతొట్టిలో ఆ ఏర్పాటు లేదు. చేప మొప్పల నుంచి వెలువడే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మార్చాలి. 1890 ప్రాంతంలో సూక్ష్మజీవి శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ తేల్చిన సంగతే ఇది. ఆ బాక్టీరియాకు కావలసింది రెండే: అంటుకోవడానికి చోటు, పీల్చడానికి ఆక్సిజన్. నీళ్ళు తళతళలాడినంత మాత్రాన ఈ రెండూ ఉన్నట్టు కాదు.

ఈ రెండింటినీ స్పాంజి ఫిల్టరంత చవకగా, నమ్మకంగా ఇచ్చేది మరొకటి లేదు. గొట్టంలో బుడగలు పైకి లేస్తూ నీళ్ళను లాగుతాయి, ఆ నీళ్ళు స్పాంజి రంధ్రాల గుండా నెమ్మదిగా సాగుతాయి. అందులో తిరిగే మరే లేదు, పిల్ల చేపను మింగే నోరూ లేదు. డిస్కస్ పిల్లలను సాకే పెంపకందారులు దీన్ని వదలరంటే అందుకే. మన ప్రాంతానికైతే మరీ తగినది. బోరునీళ్ళు చాలాచోట్ల గట్టివి, క్షారగుణం గలవి. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే, పీహెచ్ 8, 30 డిగ్రీలకు చేరితే ఏడు శాతం దాటుతుంది. పైగా వేడినీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. కరెంటు పోతే మూతబిగించిన డబ్బాలాంటి కేనిస్టర్ ఫిల్టర్‌లో బాక్టీరియా ఊపిరాడక చస్తుంది. స్పాంజి చుట్టూ తొట్టినీళ్ళుంటాయి, నాలుగైదు వాట్ల గాలిపంపును ఇన్వర్టర్ రాత్రంతా సులువుగా నడిపిస్తుంది.

మొక్కల తొట్ల కళాకారుడు అమానో తకాషి కేనిస్టర్లే వాడారు కదా అంటారు. నిజమే, ఆయన ముందు చేతులు జోడించాల్సిందే: 2015లో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, లక్షా అరవై వేల లీటర్లలో అడవిని నిలిపిన మనిషి. అయితే ఆ తొట్లలో మొక్కలే సగం పని చేస్తాయి. డయానా వాల్‌స్టాడ్ 1999 నాటి పుస్తకంలో మట్టి, మొక్కలతోనే తొట్టి నడపొచ్చని చూపారు. ఆస్కార్ చేపల పెద్ద తొట్టికి మాత్రం ఒక్క స్పాంజి చాలదు, అక్కడ కేనిస్టరే సరి. స్పాంజి చూడ్డానికి బాగోదన్న ఫిర్యాదుకు ఒక మొక్క అడ్డం పెడితే చాలు.

అసలు ఒళ్ళు మండేది తొట్టి మూతలోనే ఇరికించి అమ్మే పల్చటి దూది ఫిల్టర్ల మీద. నెలకోసారి ఆ దూది పారేసి కొత్తది వేయమంటారు. దానితోపాటు బాక్టీరియా అంతా పోతుంది, చేపలు తేలతాయి, మళ్ళీ కొత్త చేపలు కొనిపిస్తారు. స్పాంజిని నల్లా కింద కడగమని చెప్పేవాళ్ళూ అంతే. మిషన్ భగీరథ నల్లా నీళ్ళలోని క్లోరిన్ బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళను బకెట్లో పోసి, అందులో రెండుసార్లు పిండితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. అంతవరకే, తెల్లగా రానక్కర్లేదు. కొత్త స్పాంజి పక్వానికి రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మన ప్రాంతపు దుకాణదారులకు ఒకటే విన్నపం: కొత్త తొట్టి అమ్మేటప్పుడు మీ ఆరోగ్యమైన తొట్టిలో నెలలుగా నడుస్తున్న స్పాంజి ఒకటి తడిగానే సంచిలో పెట్టి ఇవ్వండి.