స్థాయి వేరు, శారీరం వేరు: పి.బి. శ్రీనివాస్ గొంతు మీద ఒక వాదం

పి.బి. శ్రీనివాస్ అభిమానులకూ ఘంటసాల అభిమానులకూ మధ్య సాగే వాదం పాతదే. శ్రీనివాస్ గొంతు తీయనిదే గాని పైకి పోదని ఒక పక్షం అంటుంది. పోనక్కరలేదు, కింద అంత నిండుగా పలికిన వాడు మరొకడెవడని రెండో పక్షం అడుగుతుంది. ఈ మధ్య ఈ వాదానికి కొత్త సరంజామా చేరింది. శ్రుతిని కొలిచే సాధనాలు అందరి చేతుల్లోకీ రావడంతో ఫలానా పాటలో ఫలానా స్వరం దాకా పోయాడనీ, మొత్తం ఇన్ని స్థాయిలు పలికాడనీ లెక్కలు కడుతున్నారు. ఆయన బారిటోనా, టెనరా అని తేల్చడానికి ప్రయత్నిస్తున్నారు.

ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల చదువుకుంటున్న విద్యార్థులకు ఈ వాదం మరీ దగ్గరిది. కాకినాడలో 1930లో పుట్టి, 2013లో చెన్నైలో కన్నుమూసిన ఈ తెలుగువాణ్ణి కన్నడిగులు తమవాడంటారు. తమిళులూ తమవాడే అంటారు. మనవాళ్లు మాత్రం 'మంచి గాయకుడే' అని ఊరుకుంటారు. ఆ మాట చివరనున్న ఏకారంలో చాలా అర్థం ఉంది. దాన్ని విప్పి చూడాలన్నదే మా ఉద్దేశం.

ముందు మాటల సంగతి. గొంతును గురించి తెలుగులో ఉన్న పలుకుబళ్లు చూడండి: కంచుకంఠం, బొంగురుగొంతు, పీలగొంతు, కీచుగొంతు. పీల, కీచు అన్నప్పుడు కొంత ఎత్తు స్ఫురించే మాట నిజమే. అయినా వీటన్నిటికీ ప్రధానం ఆ నాదం ఎటువంటిదన్నదే గాని ఎంత ఎత్తు పోతుందన్నది కాదు. సంగీత పరిభాషలో స్థాయి అనే మాట ఉంది, శారీరం అనే మాట ఉంది. ఒకటి స్వరాలు విస్తరించే మేర. రెండోది పుట్టుకతో వచ్చిన గాత్రగుణం. వాదులాడుకునేవాళ్లు మొదటిదాన్ని కొలిచి రెండోదాని మీద తీర్పు చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

'మంద్రం' అనే మాట ఈ చిక్కును ఇంకా బిగించింది. సంగీతంలో మంద్రమంటే కింది స్థాయి. కథల్లో, నవలల్లో 'మంద్రస్వరంతో అన్నాడు' అంటే మెల్లగా అన్నాడని. శ్రీనివాస్ ది మంద్రస్వరం అన్నప్పుడు మనం నిజానికి ఈ రెండో అర్థంలోనే అంటున్నాం. అని, మొదటి అర్థంలో నమ్ముతున్నాం. మెల్లగా పాడడం వేరు, కింద పాడడం వేరు. పైగా మైకులలో ఒక రకానికి, నోరు దగ్గరగా పెట్టి పాడితే కింది ధ్వనులను పెంచి చూపే గుణం ఉంది. కాబట్టి మన చెవికి లోతుగా తోచిన స్వరమల్లా స్థాయిలో లోతైనదని చెప్పడానికి లేదు. శ్రీనివాస్ మైకుకు చేరువగా, రహస్యం చెబుతున్నట్టు పాడే గాయకుడు. ఆ చేరువను లోతుగా భ్రమించడం సులభం.

గొంతులను రకాలుగా విడదీయడం పాశ్చాత్యులే చేశారనుకోనక్కరలేదు. దేవగిరిలో, అంటే నేటి మహారాష్ట్రలోని దౌలతాబాదులో, యాదవ సింఘణుని కొలువులో ఉండిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలోనే 'సంగీత రత్నాకరం'లో ఈ పని చేశాడు. మంద్రానికి హృదయం, మధ్యకు కంఠం, తారకు శిరస్సు స్థానాలని చెప్పాక, కంఠధ్వనిని ఖాహులం, నారాటం, బొంబకం, మిశ్రకం అని నాలుగు విధాలు చేశాడు. కఫప్రధానమై స్నిగ్ధంగా, మధురంగా, సుకుమారంగా ఉండేది ఖాహులం. పిత్తప్రధానమై మూడు స్థానాల్లోనూ ఘనంగా, గంభీరంగా పలికేది నారాటం. వాతప్రధానమై లోపల సారం లేక పరుషంగా ఉండేది బొంబకం. వీటి కలయిక మిశ్రకం. కఫవాతపిత్తాల లెక్కను ఈనాడు ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. గమనించవలసింది ఆయన అడిగిన ప్రశ్నను. ఈ గొంతు ఎంత ఎత్తు పోతుందని కాక, ఈ గొంతు ఏ పదార్థంతో చేసిందని ఆయన అడిగాడు. శ్రీనివాస్ ది ఖాహులం, ఘంటసాలది నారాటం అని మేమంటే కొందరు నవ్వవచ్చు గాని, బారిటోన్, టెనర్ అనడం కన్నా ఆ మాటలే ఈ ఇద్దరి తేడాను ఎక్కువ పట్టిస్తాయి.

టెనర్, బారిటోన్ అనేవి ఎందుకు పుట్టాయో కూడా చూడాలి. చర్చి బృందగానంలోనూ, ఆపెరాలోనూ స్వరకర్త రాసిన స్వరాన్ని రాసిన శ్రుతిలోనే పాడాలి. మైకు లేకుండా, వాద్యబృందం మీదుగా చివరి వరుసకు వినిపించాలి. అందుకని ఎవరు ఏ పాత్రకు పనికివస్తారో ముందే తేల్చుకోవలసి వచ్చింది. సుమారుగా చెప్పాలంటే టెనర్ సెకనుకు 130 కంపనాల నుంచి 520 దాకా, బారిటోన్ 110 నుంచి 440 దాకా పాడతారు. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మేర ఎంత పెద్దదో చూడండి. సినిమా పాటలో పురుషగాత్రం చాలావరకు ఆ ఉమ్మడి పొలంలోనే తిరుగుతుంది. దాన్ని బట్టి పాడినవాడు ఏ గట్టువాడో చెప్పలేం. పైగా మన సంప్రదాయంలో శ్రుతి గాయకునిది. ఒకటిన్నరకు పాడేవాడు ఒకటిన్నరకు, రెండుకు పాడేవాడు రెండుకు తంబుర సవరించుకుంటాడు. సినిమాలో ఆ పని సంగీత దర్శకుడు, గాయకుణ్ణీ పాటనూ సన్నివేశాన్నీ చూసుకొని చేస్తాడు.

లెక్కల మీద మరీ నమ్మకం ఉన్నవారికి మరో దేశపు ఉదాహరణ చెప్పాలి. ఇంగ్లండులో క్వీన్ అనే రాక్ బృందానికి గాయకుడైన ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబార్ లో పుట్టిన పార్శీ. బాల్యంలో మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నాడు. ఆయన నాలుగు స్థాయిలు పాడగలడని అభిమానుల్లో గట్టి ప్రచారం ఉంది. 2016లో కొందరు యూరపు ధ్వనిశాస్త్రజ్ఞులు ఆయన పాటలనూ, ముఖాముఖి సంభాషణలనూ పరిశీలించారు. నాలుగు స్థాయిల మాటను రూఢి చేయలేకపోయారు, కాదనీ అనలేకపోయారు. మాట్లాడే గొంతు సెకనుకు 117 కంపనాల దగ్గర ఉందనీ, దాన్నిబట్టి ఆయన బారిటోన్ కావచ్చుననీ అన్నారు. లోకమంతా టెనర్ గా విన్న మనిషి! ఆయనను ప్రత్యేకం చేసినవి వేగంగా కదిలే కంపితమూ, గొంతులో కావాలని పుట్టించిన గరుకుదనమూ అని ఆ పరిశోధనను బట్టి అర్థమవుతుంది. అంటే మళ్లీ పదార్థం దగ్గరికే వచ్చాం.

మన విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పాత గ్రామఫోను రికార్డుల నుంచి టేపుకూ, టేపు నుంచి మరో టేపుకూ ఎక్కించిన పాటలే చాలామంది కొలుస్తున్నారు. తిరిగే వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే పాట మొత్తం దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అభిమానులు తలలు పగలగొట్టుకుంటున్నది చాలాసార్లు ఆ ఒక్క స్వరస్థానం గురించే.

అసలు తెలుగు చెవి గొంతును ఎత్తుతో కొలవడం ఎక్కడ నేర్చుకుంది? పద్యనాటకం దగ్గర అని మా అభిప్రాయం. మైకు లేని రోజుల్లో హార్మోనియం పై శ్రుతిలో పెట్టి, నేల మీద కూర్చున్న ఆఖరి ప్రేక్షకుడి దాకా పద్యాన్ని విసిరిన నటులు మన పెద్దల అభిరుచిని తీర్చిదిద్దారు. రాగం ఎంత పైకి లాగితే 'వన్స్ మోర్'లు అంత దట్టంగా పడేవి. ఘంటసాల గొప్పతనమంతా పైస్థాయిలో ఉందనుకోవడం ఈ అలవాటు ఫలితమే. నిజానికి ఆయన చేసిన పని దాదాపు దానికి ఎదురైనది. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిక్షణ పొందిన ఆ గాయకుడు, రంగస్థల పద్యంలోని సుదీర్ఘమైన సాగదీతను కత్తిరించి, మాట తెలిసేలా మైకుకు తగినట్టు మలిచాడు. 'జగదేకవీరుని కథ' (1961)లో ఆయన తారస్థాయిని మెచ్చుకునేవాళ్లు, కరుణశ్రీ పద్యాల్లో గొంతు దించి చదివిన చోట్లను కూడా అంత శ్రద్ధగా వినాలి.

ఐతే తెలుగు చెవికి మెత్తని గొంతు పడదని సిద్ధాంతం చేయబోతే అడ్డం వచ్చే సాక్ష్యం ఒకటుంది. అది ఎ.ఎం. రాజా. చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చిన ఈ గాయకుడు 'విప్రనారాయణ' (1954)లో అక్కినేనికీ, 'మిస్సమ్మ' (1955)లో రామారావుకూ పాడితే తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అంతకన్నా మెత్తని గొంతు ఏముంటుంది? కాబట్టి లోపం చెవిది కాదు. ఆ తరువాత ఇద్దరు అగ్రకథానాయకులకూ ఒకే గొంతు స్థిరపడిపోయింది. పౌరాణికాల్లో పద్యమూ సాంఘికాల్లో పాటా ఆ ఒక్క గొంతే పాడగలిగినప్పుడు నిర్మాతకు రెండో గొంతు అవసరం కనిపించలేదు. 'ప్రేమించి చూడు' (1965), 'లేత మనసులు' (1966) వంటి చిత్రాల్లో శ్రీనివాస్ పాటలు జనాదరణ పొందినా, అవి తెలుగులో ఆయనకొక స్థానం కల్పించలేకపోయాయి.

తమిళంలోనూ నాటకరంగం నుంచి వచ్చిన ఎత్తు గొంతుల సంప్రదాయమే ఉంది. శివాజీకీ, ఎం.జి.ఆర్.కీ టి.ఎం. సౌందరరాజన్ నిండు గొంతు ఉండనే ఉంది. కాని అక్కడ జెమినీ గణేశన్ అనే మూడో కథానాయకుడున్నాడు, కయ్యాని కన్నా వియ్యానికే ఎక్కువ పేరు పడినవాడు. 'పావ మన్నిప్పు' (1961), 'సుమైతాంగి' (1962) చిత్రాల్లో శ్రీనివాస్ గొంతు ఆయనకు అచ్చంగా అతికింది. ఈ ఒక్క ఉదాహరణతో ఆగితే, మెత్తని గొంతు ప్రణయానికే పనికొస్తుందనే మాట నిలిచేది.

కన్నడం ఆ మాటను నిలవనివ్వదు. రాజ్‌కుమార్ గుబ్బి వీరణ్ణ నాటక సంస్థ నుంచి వచ్చిన నటుడు. స్వయంగా పాడగలవాడు. 'భక్త కనకదాస' (1960)లో ఆయనకు పాడినది శ్రీనివాసే. అది ప్రణయం కాదు, ఆర్తి. అక్కడి నుంచి 'గంధద గుడి' (1973) దాకా పౌరాణికం, చారిత్రకం, సాంఘికం అన్న తేడా లేకుండా కర్ణాటకలో వీరుడి గొంతు ఈ కాకినాడ గొంతే. రాజ్‌కుమార్ శరీరమైతే శ్రీనివాస్ శారీరమనే మాట కన్నడనాట బాగా ప్రచారంలో ఉంది. మనం పరిభాషగా మాత్రమే మిగుల్చుకున్న మాటను వాళ్లు ఎంత సరైన చోట వాడుకున్నారో చూడండి! 1974లో 'సంపత్తిగె సవాల్'లో రాజ్‌కుమార్ స్వయంగా పాడి, ఆ తరువాత తన పాటలు తానే పాడుకోవడంతో అక్కడ శ్రీనివాస్ అవకాశాలు తగ్గాయి. అది గొంతు తరగడం వల్ల కాదు. గొంతు ఎత్తు పోదు కనుక తెలుగులో రాణించలేదనేవాళ్లు, అదే గొంతు అదే సంవత్సరాల్లో పక్క రాష్ట్రంలో ఎలా ఏలిందో చెప్పవలసి ఉంటుంది.

ఇలా అన్నామని శ్రీనివాస్ కు అన్నీ చెల్లాయనడం లేదు. మాకు ఆయన తెలుగు పాటల్లో ఒక కొరత కనిపిస్తుంది. ద్విత్వాలనూ సంయుక్తాక్షరాలనూ ఆయన మీటడు, జారుతాడు. ప్రణయగీతంలో అది అందం. యతిప్రాసలు చెవికి తగలవలసిన వృత్తపద్యంలో అది లోటు. ఘంటసాల ఒత్తక్షరం మీద ఒక్క క్షణం ఆగి విడిచిపెట్టే తీరు ఆయనకు లేదు. వాదించదలచినవారు ఇటువంటి చోట్ల వాదించాలి. ఉచ్చారణ, ఊపిరి, పదచ్ఛేదం వినిపించే విషయాలు. తార పంచమమా, తార ధైవతమా అన్నది వాటి తరువాతి ముచ్చట.

ఇదే కొలబద్దతో బాలసుబ్రహ్మణ్యాన్ని కొలిచేవాళ్లూ ఉన్నారు. ఆయన ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతు ఛాయ తెచ్చుకునేవాడు. ఒక్క స్థాయిలోనే నాలుగు గొంతులు వినిపించగల మనిషికి టెనర్ అనో మరొకటనో చీటీ అంటించడం వృథా. శార్ఙ్గదేవుని మిశ్రకం ఆయనకు కొంత సరిపోతుందేమో.

సాధన చేసే విద్యార్థులకు ఒక్క మాట. అభిమాన గాయకుడి శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టి గొంతు బిగించుకునేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాం. పాటను మీ శ్రుతికి దించుకోండి, లేదా ఎక్కించుకోండి. కర్ణాటక సంగీతంలో అది తప్పు కాదు, నియమం.

వాదం ఇంకా తెగలేదనుకునేవారు 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' తీసి వినవచ్చు. 1966 డిసెంబరులో కోదండపాణి సంగీతంలో బాలసుబ్రహ్మణ్యం మొదటిసారి సినిమాకు పాడినది అందులోనే. ఆ పాటలో సుశీలతో పాటు ముగ్గురు మగవాళ్లున్నారు: నాటకరంగం నుంచి వచ్చిన ఈలపాట రఘురామయ్య, శ్రీనివాస్, ఇరవయ్యేళ్ల బాలసుబ్రహ్మణ్యం. కొలిచే సాధనం పక్కన పెట్టి, పేర్లు చూడకుండా వినండి. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి ఎవరు ఎంత పైకి పోయారో ఎదురుచూడనక్కరలేదు. మొదటి మాటకే తెలిసిపోతుంది.