నక్షత్రాల నుంచి అన్నం పళ్లెం దాకా

ఆరాధనలో 136వ కీర్తన ఉత్తర ప్రత్యుత్తరంగా చదివే రోజు సంఘాన్ని గమనించండి. వచనంలో మొదటి సగం అయ్యగారు చదువుతారు, రెండో సగం అందరూ కలిసి చెబుతారు. నాలుగో వచనం వచ్చేసరికి ఎవరూ పుస్తకంలోకి చూడరు. కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన తాత, అక్షరం రాని అవ్వ, అమ్మ ఒళ్లో పిల్ల, అందరి నోటా అదే మాట: దేవుని కృపకు అంతం లేదని. వచనాలు 26, ఆ మాట కూడా 26 సార్లు.

చెప్పిందే చెబుతోందని ఈ కీర్తనను దాటేసేవాళ్లున్నారు. నాకు మాత్రం, రోజూ దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం ఎలాగో చూపించడంలో దీనికి సాటివచ్చే కట్టడం బైబిలులో మరొకటి కనిపించదు.

ముందు కట్టుబడి చూద్దాం. కృతజ్ఞత చెల్లించమనే పిలుపు మొదటి మూడు వచనాల్లో మూడుసార్లు, మళ్లీ చివరి వచనంలో ఒకసారి వస్తుంది. అంతే, నాలుగుసార్లు. మధ్యలో ఉన్న 22 వచనాల్లో ఆ ఆజ్ఞ ఎక్కడా లేదు. అక్కడున్నవన్నీ ఆయన చేసిన పనులే. ఆకాశం, నీళ్లమీద పరచిన భూమి, పగటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, చుక్కలు. తర్వాత ఐగుప్తు నుంచి విడుదల, పాయలైన ఎర్ర సముద్రం, అరణ్యంలో నడక, చేతికొచ్చిన నేల. మన 'కృతజ్ఞత' అనే మాటను విడదీసి చూస్తే కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఇక్కడ వాడిన హీబ్రూ క్రియకు స్తుతించడమనే కాదు, ఒప్పుకోవడమనే అర్థం కూడా ఉంది. నలుగురిలో నిలబడి, ఇది నువ్వు చేసిందేనని ఒప్పుకోవడం. కీర్తన మొత్తం చేస్తున్న పని అదే.

ఇక పల్లవి సంగతి. హీబ్రూలో అది మూడంటే మూడు మాటలు, అందులో క్రియ కూడా లేదు. అసలు నేర్పు అది పడే చోట ఉంది. దీనికి ముందున్న 135వ కీర్తన పక్కన పెట్టుకుని చూడండి. అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు ఓడిపోయిన కథ అక్కడా ఉంది, ఇంచుమించు ఇవే మాటల్లో, 10 నుంచి 12 దాకా మూడు వచనాల్లో ముగుస్తుంది. ఇక్కడ అదే కథకు 17 నుంచి 22 దాకా ఆరు వచనాలు పట్టాయి. కొత్తగా చేరిన సమాచారం దాదాపు లేదు, చేరింది పల్లవే. రాజులను కొట్టాడు అనగానే ఒకసారి, సీహోను పేరు రాగానే ఒకసారి, ఓగు పేరు రాగానే ఇంకోసారి, వాక్యం ఇంకా పూర్తి కాకముందే అడ్డుపడుతుంది. బుర్రకథలో కథకుడు ఊపుమీద ఉండగా వంతలు అందుకున్నట్టే ఉంటుంది. కథ పరుగెత్తాలని చూస్తుంది, పల్లవి చెయ్యిపట్టి ఆపుతుంది. ఆగు, ఈ ఒక్కదానికి చెప్పాల్సింది చెప్పి కదులు అంటుంది.

మన కుటుంబ ప్రార్థనల్లో తప్పిపోయేది సరిగ్గా ఇదే. దినమంతా కాచి కాపాడినందుకు స్తోత్రం అని ఒక్క వాక్యంలో రోజంతటినీ మూటగట్టి అప్పజెప్పేస్తాం. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ చెప్పి చెప్పి నున్నబడిపోయింది. ఏ గంటలో కాచాడో, దేనినుంచి కాపాడాడో చెప్పేవాళ్లకే తెలియదు. ఈ కీర్తనకారుడు మూటకట్టడు, ఒక్కొక్కటే తీసి పేరుపెట్టి చూపిస్తాడు.

సృష్టి దాటాక 22వ వచనం దాకా ఇదంతా ఇశ్రాయేలు కథ, పూర్వుల కథ. 23లో హఠాత్తుగా 'మనం' వస్తాం. దీనదశలో ఉన్న మనల్ని ఆయన తలచుకున్నాడంటాడు కీర్తనకారుడు. 'మన' అనే మాట కీర్తనలో వినిపించడం అదే మొదలు. ఇంతసేపూ పాత కథకు వంత పాడినవాడు ఒక్కసారిగా తానే కథలో ఉన్నానని గ్రహిస్తాడు.

25వ వచనం ఇంకా గొప్పది. సృష్టి అయింది, సముద్రం చీలింది, రాజులు కూలారు. శిఖరానికి చేరాల్సిన చోట కవి తిండి గురించి మాట్లాడతాడు. దేహమున్న ప్రతి జీవికీ ఆహారమిచ్చేవాడు ఆయన. అంతకుముందు చెప్పినవన్నీ జరిగిపోయినవి, ఇది మాత్రం జరుగుతూనే ఉన్నది. ఐగుప్తు విడుదల మొదలు చెప్పిన మేలు ఒక జనానిది, ఇక్కడ పశువుకూ పక్షికీ కూడా వాటా ఉంది. శత్రురాజుల మరణానికి కృతజ్ఞత చెప్పే వచనాలు చదివేటప్పుడు మనలో చాలామందికి గొంతు తడబడుతుంది, తడబడాలి కూడా. ఆ వచనాలను ఈ వచనం కొట్టివేయదు. కానీ కీర్తన గీతగీసి అక్కడే ఆగిపోలేదని చూపిస్తుంది. ఆ గీతకు అవతలివాడికీ కూడు పెట్టేది ఆయనే.

యూదు సంప్రదాయం ఈ కీర్తనకు 'మహా హల్లేలు' అని పేరుపెట్టింది. ఆ పేరెందుకని రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదులో ప్రశ్న వస్తే రబ్బీ యోహానాన్ చెప్పిన కారణం ఎర్ర సముద్రం కాదు. అంత ఎత్తున కూర్చున్న దేవుడు ప్రతి ప్రాణికీ తిండి పంచుతున్నాడు కాబట్టి అన్నాడు. తల్మూదుకు పునాది అయిన మిష్నాలో ఇంకో ముచ్చట ఉంది. లోదు పట్టణంలో వానకోసం ఉపవాసం చాటారు. మధ్యాహ్నం కాకముందే వాన పడింది. వెళ్లి తిని తాగి పండుగ చేసుకోండి అన్నాడు రబ్బీ తర్ఫోన్. వాళ్లు కడుపునిండా తిని, సాయంకాలం వచ్చి ఈ కీర్తన చదివారు. వానకు, తిండికి, స్తుతికి ఉన్న లంకె రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు.

యేసు నేర్పిన ప్రార్థన కూడా ఏనాటి ఆహారం ఆనాటికి అడగమంటుంది. అడిగినది రోజూ పళ్లెంలోకి వస్తున్నప్పుడు ఒప్పుకోలు కూడా రోజూ ఉండాలి కదా.

ఈ రాత్రి భోజనానికి కూర్చునేటప్పుడు ఒక పని చేయండి. ఈ కీర్తనను 25వ వచనం దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవండి. పళ్లెంలో అన్నం, ఈ రోజు మిమ్మల్ని తలచుకున్న సంగతి ఒకటి, మీ పెద్దలు దాటి వచ్చిన ఎడారి ఒకటి, చివరికి ఆ వరి పండిన నేల, దానిమీద కాసిన ఎండ. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, పేరుపెట్టి చెప్పండి. అన్నం చల్లారేంత సేపు పట్టదు.