అష్రఫీ మీది టంకం మచ్చ

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి గల్లీలో నాకు తెలిసిన ఔసలి ఒకాయన ఉన్నాడు. పాత నాణెం ఏదైనా కరిగించడానికి వస్తే మూస ఎక్కించేముందు నాకు ఫోన్ చేస్తాడు. "సారూ, అష్రఫీ వచ్చింది. ఒకపారి చూసి పోతరా?" అన్నాడు మొన్న. పోయేసరికి గద్దె మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. కొంగుముడి అప్పటికే విప్పి ఉంది.

నాణేలు సేకరించేవాళ్లకు వివరాలు రాసిపెట్టడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. వేలం కేటలాగు కోసం ఒకరు అడుగుతారు, ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి ఇంకొకరు. లోహం, తూకం, సంవత్సరం, బొమ్మ, బొరుసు. నాలుగు వరుసల్లో అయిపోయే పనే. ఆ నాలుగు వరుసలకు ఒక్కోసారి రెండు పూటలు పడుతుంది.

అష్రఫీ అంటే నిజాం కాలపు బంగారు నాణెం. దాన్ని చూడగానే నేను వెతికేది చార్మినార్ కమాను. బొమ్మ వైపు చార్మినార్ ఉంటుంది, దాని ద్వారంలో గసగసాల గింజంత పారసీ అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెం, ఐన్ అయితే ఆయన తరువాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది ఆ మీమ్ నవాబు వల్లనే. అందుకని ఈ ఊళ్లో మీమ్ కనబడితే నాకు కాస్త పక్షపాతం. ఆ పక్షపాతంతోనే మొదట్లో ఒకసారి ఐన్‌ను మీమ్‌గా రాసి, కొన్నాయన ముందు తల దించుకున్నాను. మీమ్ అంటే చిన్న ముడి, దానికొక తోక. ఐన్ తల కొడవలి కొసలా వంగి ఉంటుంది. అరిగిన నాణెం మీద రెండూ ఒకేలా మసకేస్తాయి. ఉస్మాన్ అలీఖాన్ తొలి నాణేల మీద ఐన్ తల మాత్రమే ఉంటుంది, తరువాతి వాటి మీద అక్షరం పూర్తిగా దిగుతుంది. సేకరించేవాళ్లకు ఆ తేడా కావాలి. అందులోనూ హిజ్రీ 1329 అని కనబడితే భూతద్దం రెండోసారి తుడవాలి. అది మన లెక్కలో 1911. ఆ ఆగస్టు 29న మహబూబ్ పోయాడు, ఉస్మాన్ గద్దెనెక్కాడు.

అవ్వ తెచ్చింది మీమే. పారసీ అక్షరాల మధ్య 92 అనే అంకె స్పష్టంగా ఉంది. ముహమ్మద్ అనే పేరును, అక్షరానికో అంకె కట్టే అబ్జద్ లెక్కలో కూడితే వచ్చే సంఖ్య అది. బొరుసు మీద టంకశాల పేరు, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్.

తరువాత తూకం. అష్రఫీ 11.178 గ్రాములు, వెయ్యికి 910 పాళ్లు బంగారం. చిక్కేమిటంటే నిజాం హాలీ వెండి రూపాయి కూడా అచ్చంగా అంతే తూగుతుంది. రూపాయికి బంగారు పూత పూసి అష్రఫీ అని అంటగట్టేవాళ్లకు ఇది వరం. వెండి తేలిక కాబట్టి రూపాయి బిళ్ల వెడల్పుగా ఉంటుంది. అయినా నేను కళ్లను నమ్మను. ఎలక్ట్రానిక్ కాంటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి అడుక్కి తగలకుండా ముంచుతాను. అసలు అష్రఫీ అయితే కాంటా అర గ్రాముకు కొంచెం పైన, 0.64 దగ్గర నిలబడుతుంది. వెండి అయితే గ్రాము దాటుతుంది. అవ్వ ఆ గ్లాసు వైపు అనుమానంగా చూసింది. "నీళ్లల్ల ఎందుకేస్తున్నవు బిడ్డా, కరుగుతదా?"

కరగలేదు. 0.65 చూపించింది.

ఆ పిసరు ఎక్కువ ఎక్కడిదో తెలుసు. నాణెం పైఅంచున, చార్మినార్ నెత్తి మీద, చిన్న గుబ్బ ఉంది. కొండి ఊడగొట్టినా పోని టంకం. పేరులో గుచ్చి మెడలో వేసుకున్న నాణెం ఇది. మన దగ్గర పాత బంగారు నాణేల్లో చాలావాటి బతుకు ఇలాగే గడిచింది. వెనీసు బంగారు నాణెం దక్కన్‌కు వచ్చి పుతలి అయి మెడలెక్కింది. కాసుల పేరు సంగతి చెప్పనక్కరలేదు.

కేటలాగు భాషలో ఈ గుబ్బ నష్టం. "ఆభరణం నుంచి తీసినది" అని ఒక్క ముక్క రాస్తే ధర సగానికి జారినా ఆశ్చర్యం లేదు. రాయకపోతే మోసం. నేను రాస్తాను. కానీ రాసిన ప్రతిసారీ అమెరికావాళ్ల తొలి బంగారు నాణేలు గుర్తొస్తాయి. ఫిలడెల్ఫియా టంకశాలలో 1795లో మొదలైన అయిదు డాలర్ల హాఫ్ ఈగిల్ నాణేల్లో కొన్నింటి మీద సమాంతరంగా గీతలుంటాయి. అచ్చు వేయకముందే బిళ్ల బరువెక్కువ తూగితే ఆకురాయితో అరగదీసేవాళ్లు, ఆ గీతలవి. అక్కడి కేటలాగులు వాటిని సహజం కింద జమకట్టి, టంకశాల పనితనం అని ముచ్చటగా రాస్తాయి. నాణేలకు మార్కులు వేసే కొలత కూడా వాళ్లదే. షెల్డన్ అనే ఆయన 1949లో పెద్ద రాగి సెంట్ల కోసం కట్టిన 70 మార్కుల కొలత ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది. టంకశాల ఆకురాయి తగిలితే ముద్దు, కంసాలి టంకం తగిలితే తప్పు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అక్కడ నాణెం పెట్టెలో ఉంది, ఇక్కడ ఒంటి మీద ఉంది. తేడా అంతే.

 

అమెరికా కేటలాగుల్లో నాకు అసూయ కలిగించేది మరొకటుంది. చివర్లో వంశావళిలా ఒక వరుస వస్తుంది. ఎలియాస్‌బర్గ్ దగ్గరిదనో, హ్యారీ బాస్ దగ్గరిదనో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పేర్లతో సహా రాస్తారు. మంచి పేరు తగిలితే ధర పెరుగుతుంది కూడా. మన నాణేలకు ఆ వరుస ఎప్పుడూ ఖాళీయే.

అక్కడే కూర్చుని కాగితం మీద రాశాను. అష్రఫీ, బంగారం, 11.2 గ్రాములు, ద్వారంలో మీమ్, మినార్ల అంచులు అరిగాయి, అక్షరాలు నిండుగా ఉన్నాయి, పైఅంచున టంకం మచ్చ, పేరు నుంచి తీసినది. అవ్వ చదివి వినిపించమంది. వినిపించాను. అమ్మితే ఎంత, కరిగిస్తే ఎంత అని ఔసలి లెక్క చెప్పబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"పేరు అని రాసినవు. ఎవ్వరి పేరో రాయకపోతివి?"

ఏ పేరు గురించి అడుగుతోందో నాకు ఒక క్షణం అందలేదు.

"మా అత్తది. ఆమె మెడలకెళ్లి నా మెడలకు వచ్చింది. నా పెండ్లికి ఏశింది."

ఇంటిపేరుతో సహా అత్త పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది, నన్ను మళ్లీ చదవమని సరిచూసుకుంది. కాగితం మడిచి నాణెంతో పాటే కొంగున ముడేసుకుంది. ఔసలి మూస పక్కకు జరిపి చాయ్ చెప్పాడు.