మ్యాచింగ్ దొరకని వెండి రంగు

మా ఆవిడ జాకెట్టు గుడ్డ కొనడానికి వెళ్తే నేను స్కూటర్ మీదే కూర్చుంటాను. బెజవాడ బీసెంట్ రోడ్డు సందులో మ్యాచింగ్ సెంటర్ కుర్రాడు తాను మీద తాను పరుస్తాడు. ఈవిడ చీర కొంగు ఆనించి చూస్తుంది, బాగుందంటుంది, అక్కడితో ఊరుకోదు. గుడ్డ పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చి, ఎండలో పెట్టి, తల అటు వంచి ఇటు వంచి చూసి, "కలవలేదు" అని మళ్లీ లోపలికి పోతుంది. నెమలికంఠం చీరైతే ఇంకా కష్టం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఇలా తిప్పితే నీలం, అలా తిప్పితే ఆకుపచ్చ. దేనికని కలుపుతారు? ఇరవై ఏళ్లుగా ఈ తతంగం చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వంతా నా కారు బానెట్ వడ్డీతో సహా వసూలు చేసింది.

కారు 2014లో కొన్నాం. కంపెనీ కాగితాల్లో రంగుకు ఏదో సోకు పేరుంది గానీ మా ఇంట్లో అది వెండి కారే. ఒక వేసవిలో హైదరాబాద్ నుంచి వస్తూ నందిగామ దగ్గర కంకర టిప్పర్ వెనకాల చిక్కుకున్నాను. పైన పట్టా కప్పలేదు. టప్ టప్‌మని నాలుగైదు చప్పుళ్లు. ఇంటికొచ్చి చూస్తే బానెట్ ముందంచున నాలుగు చోట్ల పెచ్చు లేచింది. మూడు బియ్యపు గింజంత, ఒకటి కందిగింజంత. ఆ పెద్దదాని అడుగున రేకు కనిపిస్తోంది.

రేకు దాకా అంటే ఎంతో లోతనుకోకండి. మీ చేతిలో ఉన్న ఈ పేపరు రెండు కాగితాలు కలిపితే దాదాపు అంత మందం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు రంగు పొరలన్నీ కలిపి ఇంచుమించు 100 నుంచి 140 మైక్రాన్లు. రేకును రంగు తొట్టిలో ముంచి కరెంటు పెట్టినప్పుడు అతుక్కునే తుప్పు నిరోధక పొర మొదటిది. దాని మీద ప్రైమర్. ఆపైన అసలు రంగు, అంటే బేస్ కోటు, 15 నుంచి 20 మైక్రాన్లు. అన్నిటికీ పైన క్లియర్ కోటు, 40 మైక్రాన్లు, మహా అయితే ఇంకో పది. మనం చెయ్యి రాసి మురిసిపోయే నునుపంతా ఆ క్లియర్‌దే. క్లియర్ పడకముందు బేస్ కోటును చూశారంటే ఈ రంగుకా ఇంత డబ్బు పోశాం అనిపిస్తుంది, అంత కళ తప్పి ఉంటుంది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. ఇంజిన్ దగ్గర పలక మీదున్న రంగు కోడు రాసుకుని టచప్ సీసా తెప్పించాను. (కొన్ని కార్లలో ఆ కోడు డోర్ తెరిస్తే కనిపించే పిల్లర్ మీద ఉంటుంది.) అచ్చం గోళ్ల రంగు సీసాలా ఉంది, మూతకు కుంచెతో సహా. ఆదివారం పొద్దున్నే తీరిగ్గా కూర్చుని అద్దాను. ఆరేసరికి నాలుగు నల్లటి బొట్లు! అంతవరకు పది అడుగుల దూరం నుంచి కంటికానని పెచ్చులు ఇప్పుడు గేటు దగ్గర నుంచే పలకరిస్తున్నాయి. మా బావమరిది వచ్చి చూసి, "పోన్లే బావా, దిష్టి తగలదు" అన్నాడు.

సీసా తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. మెటాలిక్ రంగులో మెరిసేది రంగు కాదు, అందులో కలిపిన అల్యూమినియం. అదీ ఇసుకలా గుండ్రటి రేణువులుగా ఉండదు, కంటికి విడిగా ఆనని పలుచటి పలుకులుగా ఉంటుంది. గన్నుతో కొట్టినప్పుడు పలుచటి పొర పడుతుంది. థిన్నర్ ఆవిరై ఆ పొర కుంచించుకుపోయేకొద్దీ పలుకులు కూడా అణిగి, ఇంటికప్పు మీద పెంకుల్లా వెల్లకిలా సర్దుకుంటాయి. ఎదురుగా నిలబడితే వెలుతురును మన మొహానే కొడతాయి, పక్కకు జరిగితే ముదురుగా కనిపిస్తాయి. అదే రంగును కుంచెతో బొట్టులా పెడితే పొర మందమై, పలుకులు అందులో మునిగి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, ఒకటి ఏటవాలు. వెలుతురు లోపలే దారి తప్పుతుంది, చూసేవాడికి నలుపు మిగులుతుంది. పెర్ల్ రంగుల్లో అల్యూమినియానికి బదులుగానో తోడుగానో అభ్రకం పలుకులు ఉంటాయి. అభ్రకం గనులున్న గూడూరు వైపు వాళ్లకు ఆ మెరుపు గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్ల కారు కొన్నవాళ్లకు, అందులోనూ పెర్ల్ కాని ఉత్త తెలుపు కొన్నవాళ్లకు, ఈ గొడవలేవీ లేవు. బొట్టు ఎలా పెట్టినా తెలుపు తెలుపే.

బొట్లు చూడలేక, మళ్లీ బావమరిది మాట మీదే, రోడ్డు పక్క షెడ్డులో బానెట్ మొత్తానికి రంగు వేయించాను. ఆరువేలు. నేను వెళ్లేసరికి ముందు అద్దం మీద పాత పేపర్లు అంటించి ఉన్నాయి, అందులో నా కాలమ్ కూడా ఉంది. ఫొటో మీద వెండి తుంపర పడి నేను కాస్త కళగానే ఉన్నాను. ట్యూబులైటు కింద బానెట్ అద్దంలా మెరుస్తుంటే డబ్బులిచ్చేసి బయటికి తీశాను. ఎండలోకి రాగానే అది నా కారు బానెట్ కాకుండా పోయింది. ఎదురుగా నిలబడితే ఫెండర్ల కన్నా తెల్లగా, పక్క నుంచి చూస్తే వాటికన్నా నల్లగా. ట్యూబులైటును నమ్మి మెట్లు దిగకుండానే గుడ్డ కొన్నానన్నమాట. ఆ మాట ఇంట్లో అనలేదు, అనిపించుకున్నాను.

అప్పుడు వెళ్లాను ఆటోనగర్‌కి. లారీ క్యాబిన్ల వెల్డింగ్ మంటల మధ్య నుంచి, బోల్టుల కుప్పలు దాటుకుంటూ పోతే ఒక పెయింటింగ్ షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కారు చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు. బానెట్ మీద చెయ్యి కూడా వేయలేదు.

"ఎన్నింటికి కొట్టాడు గురువుగారూ?" అన్నాడు.

ఖర్చు అడుగుతున్నాడనుకుని ఆరువేలన్నాను.

"డబ్బులు కాదండీ. రంగు ఎన్ని గంటలకి కొట్టాడు?"

"మధ్యాహ్నం అనుకుంటా."

"మే నెలలో మధ్యాహ్నం పూట!" అని తల అడ్డంగా ఊపాడు. "బెజవాడ ఎండకి టిన్నరు గాల్లోనే ఎగిరిపోద్ది. రంగు రేకు మీద వాలేలోపే పొడైపోద్ది. వెండి అసలే మొండిది."

రంగు తడిగా పడితే పలుకులకు కదిలే తీరిక దొరికి, చెదిరి, షేడ్ ముదురుతుంది. పొడిగా పడితే పలుకులు పైపైనే పరుచుకుని తెల్లబడుతుంది. డబ్బా ఒకటే, గన్ను ఒకటే, ఎండ వేరు. వానాకాలంలో ఇంకో తంటా. గాల్లో తేమ ఎక్కువైతే ఆరే పొర మీద పాలపొంగు లాంటి తెలుపు కమ్ముకుంటుంది. అందుకే ఆయన వేసవిలో నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడతాడు, వెండి పని పొద్దున ఆరింటికే పెట్టుకుంటాడు. ఆ వేళప్పుడు లారీల దుమ్ము కూడా లేవదు. ఒకే కోడుకు కూడా ఒక్కో బ్యాచిలో ఒక్కో ఛాయ వస్తుందట, డబ్బా మీది నంబరును ఆయన నమ్మడు. ముందు చిన్న అట్టముక్క మీద కొట్టి, ఆరాక క్లియర్ కూడా వేసి, దాన్ని పట్టుకుని ఎండలోకి వచ్చి ఫెండర్ పక్కన పెట్టి, తల అటు వంచి ఇటు వంచి చూశాడు. నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

అట్ట కలిసింది. అయినా ఒప్పుకోలేదు. "బానెట్ ఒక్కదానికే వేస్తే గీత కొట్టినట్టు తేడా తెలుస్తాది. రెండు ఫెండర్ల మీదికీ రంగు పలచన చేసుకుంటూ దింపాలి, క్లియర్ మాత్రం ఫెండర్లు మొత్తానికీ వెయ్యాలి" అన్నాడు. చూసే కన్ను బానెట్ నుంచి ఫెండర్ మీదికి పోయేలోపు రంగు ఎక్కడ మారిందో దొరకకూడదు, అంతే సంగతి. అసలు షేడ్ కలవదు, కలిసిందని కన్నును ఒప్పిస్తారు. కందిగింజంత పెచ్చుతో మొదలైన పని మూడు ప్యానెళ్లకు పాకింది. ఎంత బాగా చేసినా రీపెయింటులో నాకు నచ్చనిది ఇదే, బాగున్నదాన్ని కూడా గీకిస్తుంది.

మొదట్లోనే వస్తే ఏం చేసేవాడివని అడిగాను. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

ఆ పాఠం ఉచితంగా వచ్చింది, మీకూ ఉచితమే. పెచ్చు చుట్టూ సబ్బునీళ్లతో కడిగి, వ్యాక్స్, జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడవాలి. తుప్పు మొదలైతే సన్న ఎమెరీ ముక్కను పెన్సిల్ మొనకు చుట్టి ఆ గుంటలోనే గీకాలి, బయటికి రాకూడదు. రేకు కనబడుతుంటే ముందు ప్రైమర్ బొట్టు. ఇది మానేసి పైన ఎన్ని పూతలు పూసినా అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. తర్వాత టచప్ సీసాను రెండు నిమిషాలైనా ఊపాలి, అల్యూమినియం అడుగున పేరుకుని ఉంటుంది. కుంచె అవతల పారేసి అగ్గిపుల్ల చెక్కి ఆ మొనతో రంగు దింపాలి. గుంట నింపాలనే ఆశ పనికిరాదు. ఒక పలుచటి పూత, అరగంట ఆగి ఇంకొకటి, ఆగి ఇంకొకటి. పొర ఎంత పలచనైతే పలుకులు అంత బుద్ధిగా పడుకుంటాయి. చివర్లో క్లియర్ బొట్టు. వారం పది రోజులు ఆగాక కావాలంటే 2000 నంబరు వాటర్ పేపర్‌తో సబ్బునీళ్లు పోస్తూ సాపు చేసుకోవచ్చు. చెయ్యి తిరగనివాళ్లు ఆ కోరిక చంపుకోవడమే మంచిది, చుట్టూ ఉన్న క్లియర్ మందం ఇందాకే చెప్పాను. బంపర్ మీది పెచ్చులకు కంగారేమీ లేదు. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు.

ఇన్ని చేసినా చుక్క కనిపిస్తుంది. దగ్గరికొచ్చి వెతికేవాడికి కనిపిస్తుంది.

మేస్త్రి పని రెండు రోజులు పక్కన నిలబడి చూశాను. గన్ను పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర వంగదు, మనిషే నడుస్తాడు. ప్రతి వరస ముందు వరసను సగం కప్పుకుంటూ పోతుంది. ఎక్కడైనా అర క్షణం ఆగితే అక్కడ మబ్బు పట్టినట్టు మచ్చ. చివరి చెయ్యి మాత్రం దూరం జరిగి, పొగమంచులా వదిలాడు. అప్పటిదాకా చారలు చారలుగా ఉన్న వెండి నా కళ్లముందే ఒక్క తీరుకు వచ్చింది. క్లియర్ దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నాడు. ఆ క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. 1984లో భోపాల్‌లో ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసయనేట్ వేరే పదార్థం, వంశం మాత్రం అదే. ఇవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కాస్త తగిలినా ఆయాసం తన్నుకొస్తుంది. గుడ్డ దుమ్మును ఆపుతుంది, వీటిని ఆపలేదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి. "అది పెట్టుకుంటే రంగు కనబడదండీ" అన్నాడాయన, దగ్గుతూ. కనబడుతుంది. మీరు రంగు వేయించే చోట మేస్త్రి మొహాన ఏం కడుతున్నాడో ఓసారి చూడండి. బేరమాడేటప్పుడు ఆ ఖర్చు తగ్గించమని మాత్రం అడక్కండి.

ఇన్సూరెన్స్ ఉందిగా అనేవాళ్లకు ఒక్క మాట. చిన్న కారుకైనా క్లెయిమ్‌కు వెయ్యి రూపాయలు తప్పనిసరిగా మనమే భరించాలి, జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే పెయింటు సామాను ఖర్చులో సగం కోత. అన్నిటికన్నా మించి, క్లెయిమ్ లేని ఏళ్లకు 20 శాతంతో మొదలై ఐదో ఏటికి 50 శాతానికి చేరే బోనస్ పోతుంది. నాలుగు పెచ్చుల కోసం ఆ దారి పట్టకండి.

మొన్న కారు అమ్ముదామనుకున్నాం. పాత కార్లు కొనే కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చి, పెయింటు మందం కొలిచే మీటరు ఒక్కో ప్యానెల్‌కు ఆనిస్తూ పోయాడు. టాప్ 118, డోర్లు 122, ఫెండర్లు 180, బానెట్ 260. "ముందువైపు యాక్సిడెంటా సార్?" అన్నాడు. టిప్పర్ కథ, షెడ్డు కథ, మేస్త్రి కథ వరసగా చెప్పాను. మర్యాదగా విని, రేటు తగ్గించి రాసుకున్నాడు. ఆ తర్వాతి ఏళ్లలో తగిలిన రాళ్లకు నేను అగ్గిపుల్లతో పెట్టిన చుక్కల గురించి మాత్రం ఒక్క ప్రశ్నా వేయలేదు.

కారు అమ్మలేదు. బానెట్ మీద ఇప్పుడు ఏడు చుక్కలున్నాయి. ఒక్కదానికీ తుప్పు రాలేదు.