బైట్లు చదివి నమ్మేవాళ్లు

230, 128. ఎక్స్86 ప్రాసెసర్‌కు ఈ రెండు బైట్లూ కలిస్తే ఒక పూర్తి వాక్యం: ‘ఏఎల్ రిజిస్టర్‌లో ఉన్న బైటును 128వ పోర్టుకు పంపు.’ పాత పీసీల రోజుల నుంచి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పని ఎంతవరకు వచ్చిందో సూచించే సంకేతాలు ఈ పోర్టుకే వెళ్లేవి. నెమ్మదైన పరికరాలకు కాస్త వ్యవధి ఇవ్వాలన్నా లైనక్స్ కెర్నల్ ఇదే పోర్టుకు ఒక బైటు పంపేది.

ఎన్‌క్రిప్ట్ అయిన వర్చువల్ మెషీన్లలో ఇలాంటి వాక్యాలను లైనక్స్ తప్పుగా చదువుతోందని 2021 జనవరిలో గుర్తించి సరిచేశారు. ఒక సంఖ్యను ఎనిమిది బిట్లకు కుదించే చిన్న మాట ఒకటి చేర్చారు. దిద్దుబాటు అంతే. అయితే ప్రాసెసర్ చదువుకోవలసిన వాక్యాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు చదవాల్సి వచ్చింది? దీనికి జవాబు వెతికితే మన కాలపు అతి సున్నితమైన మరమ్మతు విద్య ఒకటి కనిపిస్తుంది. దాని ఫలితం అందరికీ అందుతోంది. దాన్ని చేసేవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది.

అద్దె ఇంట్లో ఇనప్పెట్టె

క్లౌడ్‌లో మనకు దొరికే కంప్యూటర్ అద్దె వాటా లాంటిది. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక పెద్ద యంత్రాన్ని వాటాలు వేసి, ఒక్కో వాటాను ఒక్కో వర్చువల్ మెషీన్‌గా ఇస్తుంది. ఆస్పత్రి రికార్డులు, జీతాల లెక్కలు, వ్యాపార రహస్యాలు ఇప్పుడు ఇలాంటి వాటాల్లోకే చేరుతున్నాయి. చాలాకాలం ఇంటి యజమాని దగ్గర మారు తాళంచెవి ఉండేది. అద్దెకున్నవాళ్ల మెమొరీనీ, రిజిస్టర్లనూ హైపర్‌వైజర్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడగలిగేది.

ఆ తాళంచెవిని తీసేసుకునే ప్రయత్నాన్ని ఏఎండీ 2016లో ఎస్‌ఈవీ పేరుతో వివరించింది. 2017లో వచ్చిన ఎపిక్ ప్రాసెసర్లలో అది అమలైంది. ఒక్కో వర్చువల్ మెషీన్ మెమొరీకి ఒక్కో రహస్య తాళం వేశారు. దాని చెవిని హైపర్‌వైజర్ చేతికి ఇవ్వలేదు. కానీ వర్చువల్ మెషీన్ ఆగిన ప్రతిసారీ దాని రిజిస్టర్లు మాత్రం బయటికి కనబడుతూనే ఉండేవి. ఎస్‌ఈవీ-ఈఎస్ వాటికీ ముసుగు వేసింది. హైపర్‌వైజర్ మెమొరీ పేజీలను రహస్యంగా మార్చేయకుండా కాపాడే ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ 2021లో మూడో తరం ఎపిక్‌తో వచ్చింది. ఇంటెల్ టీడీఎక్స్‌దీ ఇదే బాట.

ఇక్కడే చిక్కు వచ్చింది. యజమానిని గడప దాటనివ్వం, బాగానే ఉంది. కానీ ఇన్నాళ్లూ ఆయనే చేసిపెట్టిన పనుల సంగతేమిటి? ప్రాసెసర్ వివరాలు అడిగే సీపీయూఐడీ, పోర్టులతో మాట్లాడే ఇన్, అవుట్, మెమొరీ చిరునామాల ద్వారా పరికరాలను నడిపే ఎంఎంఐఓ — వీటిని వర్చువల్ మెషీన్ తనంతట తాను పూర్తి చేయలేదు. పూర్వం ఇలాంటి ఇన్‌స్ట్రక్షన్ రాగానే ప్రాసెసర్ మెషీన్‌ను ఆపేది. హైపర్‌వైజర్ లోపలికి తొంగిచూసి, రిజిస్టర్లు చదివి, పని చేసి, ఫలితాన్ని వాటిలోనే రాసిపెట్టేది. ఇప్పుడు ఆయనకు లోపల ఏమీ కనిపించదు.

అందుకని ప్రాసెసర్ ఆ కబురును లోపలివాళ్లకే చెబుతుంది. వర్చువల్ మెషీన్‌లోని కెర్నల్‌కు 29వ నంబరు ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని వీసీ అంటారు. కెర్నల్ ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను చదివి, బయటికి చెప్పక తప్పని విలువలను మాత్రమే జీహెచ్‌సీబీ అనే పేజీలో రాస్తుంది. 4096 బైట్ల ఆ పేజీకి ఎన్‌క్రిప్షన్ ఉండదు. తలుపు కింద నుంచి తోసే చీటీ అనుకోండి. వీఎంజీఎగ్జిట్ ఇన్‌స్ట్రక్షన్‌తో చీటీ బయటికి వెళుతుంది, జవాబు అదే చీటీలో వస్తుంది. కెర్నల్ ఆ జవాబును రిజిస్టర్లలో నింపి, ఇన్‌స్ట్రక్షన్ పొడవు ఎంతో అంత ముందుకు జరిగి, ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపిస్తుంది. లైనక్స్ గెస్ట్ కెర్నల్‌కు ఈ విద్య 2020 డిసెంబరులో, 5.10 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో సూసె సంస్థలో ఉన్న జోర్గ్ రోడెల్ ఆ ప్యాచ్‌లను సమీక్షల మీద సమీక్షలు దాటించి కెర్నల్‌లోకి చేర్చారు.

పదచ్ఛేదం, ప్రతిపదార్థం

చదవడమంటే తేలిక కాదు. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు. ‘నాతోటరా’ అని కనిపిస్తే ఇది తన తోట అంటున్నాడా, తనతో రమ్మంటున్నాడా? సందర్భం తెలిసినవాడు చేసిన పదచ్ఛేదాన్ని బట్టే అర్థం తేలుతుంది. ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్లదీ అదే తీరు. ఒక్కోటి 1 బైటు నుంచి 15 బైట్ల దాకా ఉండొచ్చు. ముందు ఉపసర్గల్లా ప్రిఫిక్స్‌లు, తర్వాత క్రియ లాంటి ఆప్‌కోడ్, ఆపైన ఏ రిజిస్టర్, ఏ చిరునామా అని చెప్పే బైట్లు, చివర ఒక సంఖ్య. ఏది ఉంటుందో, ఏది ఉండదో ముందు వచ్చిన బైట్లే నిర్ణయిస్తాయి. పొడవును ఒక్క బైటు తప్పుగా లెక్కపెట్టినా ప్రోగ్రామ్ తర్వాతి వాక్యం మధ్యలో దిగుతుంది. అక్కడి నుంచి చదివేదంతా అపార్థమే.

అదృష్టవశాత్తూ లైనక్స్‌లో పదచ్ఛేదానికి ఒక పాత పనిముట్టు ఉంది. నడుస్తున్న కెర్నల్‌ను పరిశీలించే కేప్రోబ్స్ కోసం 2009లో మసామి హిరమత్సు రాసిన డీకోడర్ అది. వీసీ పని చేసేవాళ్లు కొత్తది రాసుకోకుండా దాన్నే వాడుకున్నారు. పెద్దల చేతుల్లో అరిగి నునుపుదేలిన పనిముట్టును పారేయకపోవడం ఈ సంప్రదాయంలో మొదటి పాఠం.

విడదీశాక ప్రతిపదార్థం. ఇక్కడ ప్రాసెసర్ పాటించే ప్రతి ఆచారాన్నీ కెర్నల్ తు.చ. తప్పకుండా పాటించాలి. 32 బిట్ల విలువను రిజిస్టర్‌లో రాస్తే పైనున్న 32 బిట్లూ సున్నా కావాలి. 8 లేదా 16 బిట్లు రాస్తే మిగతావి చెక్కుచెదరకూడదు. కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఖాళీని సున్నాలతో నింపుతాయి, కొన్ని గుర్తు బిట్‌తో నింపుతాయి. పరికరం నుంచి మెమొరీకి వరసగా నకలు చేసే మూవ్స్ ఇన్‌స్ట్రక్షన్ మరీ కష్టం. దానికి కెర్నల్ ఒక్క మెట్టు మాత్రమే పూర్తి చేస్తుంది: ఒకసారి చదువుతుంది, ఒకసారి రాస్తుంది, లెక్కను ఒకటి తగ్గిస్తుంది. ఇంకా మిగిలి ఉంటే ఇన్‌స్ట్రక్షన్‌ను దాటకుండా అక్కడే వదిలేస్తుంది. ప్రాసెసర్ దాన్నే మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ వీసీ వస్తుంది. ఎక్కడ ఆగినా స్థితి సరిగ్గా ఉంటుంది. దారి మధ్యలో అంతరాయం రావచ్చని ముందే ఎరిగి చేసిన ఏర్పాటు ఇది.

ఇప్పుడు మొదటి వాక్యానికి వద్దాం. 230 అంటే అవుట్, 128 అంటే పోర్టు. డీకోడర్ ఒక బైటు సంఖ్యను గుర్తుతో కూడిన సంఖ్యగా భావిస్తుంది. పైబిట్ 1 అయితే అది రుణ సంఖ్య. చాలా ఇన్‌స్ట్రక్షన్లకు అదే సరైన పద్ధతి. కానీ పోర్టులకు రుణ సంఖ్యలు లేవు. 128ని అలా చదివితే -128 అవుతుంది. దాన్ని 16 బిట్ల పోర్టు గడిలో పెడితే 65408 అవుతుంది. లోపల అడిగింది 128వ పోర్టు, చీటీలో పడింది 65408. 127 దాకా ఉన్న పోర్టులకు ఏ తేడా రాదు, ఆ పైన ప్రతిదీ తప్పే. డీకోడర్ అబద్ధం చెప్పలేదు. దాని మాటను ఈ సందర్భానికి అన్వయించుకోవడంలో పొరపాటు జరిగింది. విలువను గుర్తు లేని ఎనిమిది బిట్లుగా తీసుకోమన్న చిన్న మాట ఆ పొరపాటును తీర్చింది.

చదివేలోగా మారిన వాక్యం

పై బగ్‌లో ఎవరి దురుద్దేశమూ లేదు. 2023లో బయటపడినది అలాంటిది కాదు. సీవీఈ-2023-46813గా నమోదైన ఆ లోపం ఒక క్షణకాలపు సందులో దాగి ఉంది. మామూలు ప్రోగ్రామ్ ఒక ఇన్‌స్ట్రక్షన్ నడుపుతుంది, వీసీ వస్తుంది, కెర్నల్ ఆ చోటికి వెళ్లి బైట్లు చదువుతుంది. ఎక్సెప్షన్ వచ్చిన క్షణానికీ, కెర్నల్ చదివే క్షణానికీ మధ్య ఆ ప్రోగ్రామ్‌లోని మరో త్రెడ్ అక్కడి బైట్లను మార్చేస్తే? కెర్నల్ చదివేది వేరే వాక్యం అవుతుంది. అందులో కెర్నల్ మెమొరీ చిరునామా ఉంటే, తన పూర్తి అధికారంతో అక్కడ రాసేస్తుంది. సంతకానికి పెట్టిన కాగితాన్ని కలం అందుకునే లోపు మార్చేసినట్టు.

అదే ఏడాది అక్టోబరులో 6.5.9 వెర్షన్‌తో వచ్చిన దిద్దుబాట్లు మూడు. మామూలు ప్రోగ్రామ్‌ల తరఫున ఎంఎంఐఓ పనిని పూర్తిగా మానేశారు. పోర్టు అడిగితే, ఆ ప్రోగ్రామ్‌కు ఆ పోర్టు వాడే అనుమతి ఉందో లేదో అనుమతుల పట్టికలో చూస్తారు. వరస పోర్టు పనుల్లో ఇచ్చిన మెమొరీ చిరునామా కెర్నల్‌ది అయితే తిరస్కరిస్తారు. మామూలుగా ప్రాసెసర్ ఈ తనిఖీలన్నీ తానే చేస్తుంది. ప్రాసెసర్ పని నెత్తికెత్తుకున్నవాడు దాని జాగ్రత్తలను కూడా ఎత్తుకోవాలి. ఆ సంగతి ఈ మూడు ప్యాచ్‌లు నేర్పాయి.

పిలవని పిలుపు

2024 వసంతంలో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో శ్వేతా షిండే బృందం వీసీ అనే పేరుతో శ్లేష చేస్తూ ‘వుయ్ సీ’ అని పేరు పెట్టిన ఒక దాడిని ప్రకటించింది. దాని సూత్రం సరళం, పర్యవసానం భయంకరం. 29వ నంబరు కబురు ప్రాసెసర్ నుంచే రావాలని ఏముంది? బయట ఉన్న హైపర్‌వైజర్ కూడా దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి పంపగలదు. కబురుతో పాటు ‘కారణం’ కూడా ఆయనే ఎంచుకుంటాడు. ఏ పాపమూ ఎరుగని ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ‘ఇది సీపీయూఐడీ’ అని చెబితే, కెర్నల్ నమ్మి రిజిస్టర్‌లోని రహస్యాన్ని చీటీ మీద రాసిస్తుంది, వచ్చిన జవాబును రిజిస్టర్‌లో పెట్టుకుంటుంది, చేయాల్సిన అసలు పనిని దాటేసి ముందుకు పోతుంది. ఇలాంటి అడుగులను పేర్చి పరిశోధకులు కెర్నల్‌లోని టీఎల్‌ఎస్ తాళంచెవులను బయటికి లాగారు, ఫైర్‌వాల్ నియమాలను మార్చారు, రూట్ అధికారం కూడా సంపాదించారు.

విరుగుడు ఏమిటో ఈపాటికి మీకే తట్టి ఉంటుంది: చెప్పిన కారణాన్ని నమ్మకుండా బైట్లు చూడడం. సీపీయూఐడీ అన్నావు, మరి అక్కడ 15, 162 అనే బైట్లు ఉన్నాయా? టైమ్‌స్టాంప్ చదివే ఇన్‌స్ట్రక్షన్ అన్నావు, 15, 49 ఏవి? లేకపోతే కబురు చెల్లదు. 6.9 వెర్షన్‌లోకి వచ్చిన ఈ తనిఖీ చిన్నదే, కానీ నమ్మకం దిశను మార్చేసింది.

దానికి ఒక కొసరు కథ ఉంది. ఎంవెయిట్ ఇన్‌స్ట్రక్షన్‌కు 15, 1, 201 ఉండాలని తనిఖీలో రాశారు. ఏఎండీ ప్రాసెసర్లలో ఎంవెయిట్‌ఎక్స్ అనే మరో ఇన్‌స్ట్రక్షన్ ఉంది. దాని బైట్లు 15, 1, 251. రెండింటికీ వచ్చే కారణం సంఖ్య ఒకటే. కొత్త కాపలాదారు న్యాయంగా వచ్చిన ఎంవెయిట్‌ఎక్స్‌ను కూడా దొంగ అనుకున్నాడు. మానిటర్‌కూ, మానిటర్‌ఎక్స్‌కూ అదే గతి పట్టింది. 2024లోనే మరో ప్యాచ్ వాటిని జాబితాలో చేర్చింది. అనుమానించడం ఎంత అవసరమో, ఎవరిని అనుమానించకూడదో తెలియడం అంత అవసరం.

చీటీ మీద అదనపు గీతలు

ఇంటెల్ టీడీఎక్స్‌లో ఈ పిలుపు 20వ నంబరు ఎక్సెప్షన్‌గా వస్తుంది. అక్కడి బగ్‌లు మరో పాఠం చెబుతాయి. పరికరం నుంచి విలువ చదవమని అడిగేటప్పుడు మనం ఇవ్వాల్సింది చిరునామా, పరిమాణం మాత్రమే. కానీ జవాబు కోసం పెట్టుకున్న గడిలో అంతకుముందు మిగిలిన పాత విలువ కూడా చీటీతో పాటు బయటికి పోతోందని 2024లో ఒక సమీక్షకుడి కంటపడింది. ఆ పాత విలువను పంపకుండా ఆపడమే దిద్దుబాటు. ఏం చెప్పామన్నది ఎంత ముఖ్యమో, అడగకుండా ఏం చెప్పేశామన్నదీ అంతే ముఖ్యం.

మరో చోట, వేగం కోసం కెర్నల్ ఒక్కోసారి ఎనిమిది బైట్లు ఒకేసారి చదువుతుంది. ఆ చదువు పేజీ అంచు దాటి, యజమానితో పంచుకున్న పక్క పేజీని పొరపాటున తాకవచ్చు. దాన్ని ఎంఎంఐఓగా భావించి జవాబు అడిగితే అనర్థమే. నిజమైన పరికర వ్యవహారం పేజీ అంచు దాటదు. ఆ ఒక్క లక్షణాన్ని గమనించి, అంచు దాటినవాటిని తిరస్కరించేలా 2022లో సరిచేశారు.

ఈ విద్య విలువ

ఈ పనికో మర్యాద ఉంది. ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉంటుంది. ఏం మార్చామో కోడే చెబుతుంది కాబట్టి, ఎందుకు మార్చామో మాటల్లో రాస్తారు. తప్పు ఏ పాత మార్పుతో మొదలైందో దాని గుర్తింపు సంఖ్యతో సహా చెబుతారు, ఆ తప్పు ఉన్న పాత వెర్షన్లన్నిటికీ దిద్దుబాటు చేరాలని. తప్పు చేసినవాణ్ని దెప్పడానికి కాదు. తరచుగా తప్పు రాసినవాళ్లే దిద్దుబాటుకూ సంతకం పెడతారు. పాత ప్రతులను పోల్చి, పాఠభేదాలను గుర్తించి, సరైన పాఠాన్ని నిలబెట్టిన మన గ్రంథ పరిష్కర్తలకు ఈ మర్యాద కొత్తగా అనిపించదు. ‘పరిష్కారం’ అనే మాటకు మన భాషలో శుద్ధి చేయడమనే అర్థం ఊరికే రాలేదు.

ఈ బరువును తగ్గించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. వర్చువల్ మెషీన్ లోపలే, కెర్నల్ కంటే ఎక్కువ అధికారమున్న చిన్న పొరకు ఈ పనులు అప్పగించే దిశగా కోకొనట్-ఎస్‌వీఎస్‌ఎం 2023లో వచ్చింది. దాన్ని మెమొరీ తప్పులను చాలావరకు అరికట్టే రస్ట్ భాషలో రాశారు. కానీ 128ని -128గా చదవకూడదన్న తెలివిని ఏ భాషా దానంతటదే ఇవ్వదు. పొర మారినా బైట్లు చదివేవాడి బాధ్యత మారదు.

మన రహస్యాలకు వేసిన తాళం ఎంత గట్టిదో గణితం చెబుతుంది. ఆ తాళం ఉన్న తలుపు కింద నుంచి రోజుకు లెక్కలేనన్ని చీటీలు వెళ్లివస్తుంటాయి. తాళం కన్నా ఆ చీటీలు రాసే చేయి జాగ్రత్తగా ఉండాలి. ఒకరు ఓపికగా కూర్చుని 230 తర్వాత 128ని 128గానే చదివారు. ఆ వాక్యం పంపమన్న బైటు ఇప్పుడు వెళ్లాల్సిన పోర్టుకే వెళుతోంది.