బోర్లిస్తేనే తెలిసేది

పింగాణీ వస్తువు చేతికొస్తే నేను ముందు పువ్వులు చూడను, బోర్లించి అడుగు చూస్తాను. పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మన తెలుగువాళ్ల ఇళ్లలో అలాంటివి ఇంకా ఒకటీ అరా కనిపిస్తాయి. తాతల కాలంలో రంగూన్‌లో పనిచేసి వచ్చినవాళ్లు తెచ్చుకున్నవి.

ఈమధ్య ఒక మామ్మగారు అటక మీంచి మూత జాడీ దింపించి చూపించారు. ముదురు నీలం మీద తెల్లటి ప్లమ్ పూలు. అడుగున రెండు నీలి వలయాలు, వాటి మధ్య నాలుగు చీనీ అక్షరాలు. కాంగ్షీ కాలంలో చేసినదని వాటి అర్థం. కాంగ్షీ చక్రవర్తి 1661 నుంచి 1722 దాకా ఏలాడు.

“అయితే మూడొందల ఏళ్లదా బాబూ?” అన్నారావిడ.

“కాదు మామ్మగారూ, వందేళ్లు మాత్రం దాటింది” అన్నాను.

చక్రవర్తి కొలిమిలో చేసిన వాటి మీద సాధారణంగా ఆరు అక్షరాలుంటాయి. కుడి వరస పైనుంచి కిందికి చదివి, తర్వాత ఎడమ వరసకి రావాలి. ముందు వంశం పేరు, తర్వాత పాలన పేరు, చివర ‘కాలంలో చేసినది’ అని. రెండు వలయాల్లో నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర పందొమ్మిదో శతాబ్దం చివర్లో తెగ వాడారు. ఈ జాడీ మీద గీతలు కూడా హడావుడిగా లాగినవి. రోజుకి ఎన్నో జాడీలకు అదే రాసే చెయ్యి అలాగే రాస్తుంది.

అసలు కాంగ్షీ కాలంలోనే ఆయన పేరు రాయడానికి కొన్నాళ్లు వీల్లేకపోయింది. పింగాణీకి పుట్టినిల్లయిన జింగ్‌దెజెన్‌లో 1677లో స్థానిక అధికారి దాన్ని నిషేధించాడు. పగిలిన పెంకు మీద ఏలినవారి పేరు కాళ్ల కింద పడకూడదని చెబుతారు. అందుకే ఆ రోజుల సరుకు మీద పేరుకి బదులు ఆకు బొమ్మో, ఖాళీ వలయాలో కనిపిస్తాయి. కొన్నిటి మీదైతే రెండు శతాబ్దాల కిందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరుంటుంది. దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. పాతవాళ్ల పనితనానికి పెట్టిన దండం అది. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి వయసు కట్టకూడదు. అడుగు అంచున మెరుగు పూయని మట్టిని వేలితో తడమాలి, గరుకుదనం, కత్తి గీసిన జాడ చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘చైనా’ అని ఉంటే పని తేలిక. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా పెట్టిన చట్టం 1891లో అమల్లోకొచ్చింది. అలా రాయడం మామూలైంది ఆ తర్వాతే.

ముద్రే లేని సరుకు ఇంకా ఎక్కువ. కాకతీయ గణపతిదేవుడు 1244లో వర్తకులకి అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులో తవ్వితే చైనా పింగాణీ పెంకులు దొరికాయి. అలాంటి పెంకుల్ని మట్టిని బట్టీ మెరుగుని బట్టీ చదువుకోవాల్సిందే.

ఇన్నాళ్లుగా చూస్తున్నా నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఈ ముద్రల్లో చక్రవర్తి ఉంటాడు గానీ చేసినవాడుండడు. ఒక్క గిన్నె 72 చేతులు మారితే గానీ తయారవదని 1637 నాటి చీనీ గ్రంథం ‘తియాన్‌గాంగ్ కైవు’ చెబుతుంది. ఆ 72 మందిలో మామూలుగా ఒక్కరి పేరూ అడుగుకి ఎక్కలేదు.

చేసినవాళ్ల గుర్తు కావాలంటే ఇక్కడే, నికోబార్ దీవుల్లోని చౌరాకి వెళ్లాలి. ఆ చిన్న దీవిలో కుండల మట్టి లేదు, పక్కనున్న టెరెస్సా నుంచి పడవల్లో తెచ్చుకునేవారు. అయినా నికోబార్ మొత్తానికీ కుండలు చేసే హక్కు చౌరాకే ఉండేది, చేసేది ఆడవాళ్లు. ఇంకెవరైనా చేస్తే కీడు జరుగుతుందని నమ్మేవారు. సారె లేదు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి గోడ లేపేవారు. కాల్చాక, వేడి మీదుండగానే లేత కొబ్బరి పీచుతో అద్దితే నల్లటి చారలు తేలేవి. 1894లో నికోబార్ కుండల మీద వ్యాసం రాసిన అధికారి ఇ.హెచ్. మాన్, ఈ ఆడవాళ్లు తమ కుండల మీద ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారని నమోదు చేశాడు. అక్షరాలు రాని చేతులు, ఏ రాజు పేరూ అక్కర్లేదు, ఇది నాది అని ఒక గీత.

చీనీ ముద్రల మీద లావుపాటి పుస్తకాలున్నాయి, బొమ్మలతో సహా. చౌరా గుర్తులకీ అలాంటి పట్టిక కావాలి. 2004 సునామీ తర్వాత చౌరా జనాన్ని టెరెస్సాకు తరలించారు. ఆ అలల్లో ఇళ్లతోపాటు కుండలూ పోయాయి. మిగిలినవి మ్యూజియాల్లోనూ, ఇక్కడ పనిచేసి వెళ్లిన ఉద్యోగుల ఇళ్లలోనూ ఉంటాయి. మీ ఇంట్లో ఒకటుంటే దాన్ని అన్ని వైపులా తిప్పి, గుర్తు ఎక్కడుందో వెతికి ఫోటో తీయండి. ఎవరి దగ్గర, ఏ ఏడు కొన్నారో ఫోటో వెనక రాసిపెట్టండి. గుర్తు చూసి ఇది ఫలానా వారిదని చెప్పగల పెద్దవాళ్లు ఉండగానే ఆ పని జరగాలి.