మూడు నిమిషాల విద్య

గ్రామఫోను కంపెనీ అనగానే పాత విద్వాంసుల గొంతులు భద్రంగా దాచిన భాండాగారం అనుకోవడం మనకు అలవాటు. కుక్క బొమ్మ ప్లేట్లను అపురూపంగా ఏరుకునేవాళ్లూ, రేడియోలో పాతపాటల కార్యక్రమాలు నడిపేవాళ్లూ ఆ మాటే చెబుతారు. అందులో నిజం సగమే. హిజ్ మాస్టర్స్ వాయిస్ పేరుతో మన ఇళ్లలోకి వచ్చి, ఇప్పుడు సారెగామా అయిన ఆ సంస్థ సంగీతాన్ని దాచిపెట్టిన దానికంటే దిద్ది తీర్చినదే ఎక్కువ. ప్లేటులో ఎంతసేపు పట్టిస్తే పాట అంతసేపే. ఆ కొలత మారినప్పుడల్లా పాడే పద్ధతి మారింది, వినే పద్ధతీ మారింది. కంపెనీ చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టాలను వరసగా చూస్తే ఈ సంగతే తేలుతుంది.

1902 చివర లండన్ నుంచి ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు రికార్డింగు సామగ్రితో కలకత్తాలో దిగాడు. ఆ ఒక్క పర్యటనలోనే ఐదు వందలకు పైగా రికార్డింగులు చేశాడు. అప్పటికి మైకు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద బూర ఎదుట గాయకులు నిలబడాలి. ఆ బూరలోకి వెళ్లిన గాలి కదలికే అవతల తిరుగుతున్న మైనపు పళ్లెం మీద గాడి గీస్తుంది. మంద్రంలో పాడేటప్పుడు బూరకు దగ్గరగా జరగాలి, తారస్థాయికి వెళ్లేముందు వెనక్కి తగ్గాలి, లేకపోతే ముల్లు గాడి దాటుతుంది. తప్పు పడితే చెరిపి దిద్దే వీల్లేదు, మరో పళ్లెం పెట్టి మొదటినుంచీ పాడాల్సిందే. మైనపు మూలప్రతులు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ చేరితే అక్కడ ప్లేట్లు అచ్చయ్యేవి. అచ్చు వేసేవాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియదు కాబట్టి గాయని గౌహర్ జాన్ లాంటివాళ్లు పాట చివర గట్టిగా తమ పేరు ఇంగ్లీషులో చెప్పేవారు. వినేవాళ్లకు అదో విలాసంగా తోచింది గానీ, దాని అసలు పని చిరునామా చీటీది. పెద్ద విద్వాంసులు చాలామంది ఈ యంత్రాన్ని అనుమానంగా చూస్తున్న రోజుల్లో ఆ బూర ముందు ధైర్యంగా నిలబడింది ఎక్కువగా తవాయిఫులనే వృత్తిగాయనులు, దేవదాసీ కుటుంబాల స్త్రీలు. దక్షిణాదిన బెంగుళూరు నాగరత్నమ్మ, సేలం గోదావరి ఆ తొలితరం వాళ్లే. ప్లేటుకు పట్టే మూడు నిమిషాల్లో పాడే ఈ విద్యకు పునాది వేసింది వాళ్లేనని సంగీత చరిత్రలు చాలాకాలం ఒప్పుకోలేదు.

మూడు నిమిషాల్లో రాగం ఏం తేలుతుంది, ఆవు వ్యాసంలా అప్పగించడం తప్ప, అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. గంటసేపు నెమ్మదిగా విప్పవలసిన రాగాన్ని అలా కుదిస్తే విస్తారం పోతుంది. పోయింది కూడా, బుకాయించి లాభం లేదు. అయితే కచేరీకీ ప్లేటుకూ ఒక తేడా ఉంది. కచేరీలో ఒక సంగతి వచ్చి వెళ్లిపోతుంది, ప్లేటులో అదే సంగతిని శ్రోత యాభైసార్లు వింటాడు. కచేరీ వేడిలో చెల్లిపోయే డొల్ల ప్రయోగం పదోసారికే బయటపడుతుంది. కాబట్టి ప్లేటుకు పాడేవాళ్లు రాగంలోని జీవస్వరాలను మొదటి అరనిమిషంలోనే నిలబెట్టి, పల్లవిని ఎక్కడ విడవాలో, ద్రుతంలోకి ఎప్పుడు మళ్లాలో ముందే లెక్కగట్టుకోవాలి. కృతికి పల్లవి, అనుపల్లవి, చరణం అనే కట్టడం ఎప్పుడూ ఉంది గనుక కర్ణాటక సంగీతానికి ఈ ఇరుకు కొంత తక్కువే అనిపించి ఉండాలి. అక్కడ తెగిపడింది ఆలాపన, స్వరకల్పన. సాహిత్యం బతికింది.

తెలుగు పద్యం విషయంలో మాత్రం ఈ కొలత చేసింది మేలే అంటాను. నాటకాల రంగస్థలం మీద పద్యం చివర రాగం సాగుతూనే ఉండేది, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదలయ్యేది, కృష్ణుడి రాయబారం ఆగిపోయి నటుడి దమ్ముకు పరీక్ష నడిచేది. ప్లేటు మీద ఆ ఆటలు సాగవు. ఉన్న వ్యవధిలో పద్యం వినపడాలి, అర్థం కావాలి, రాగం అలంకారంగా మాత్రమే మిగలాలి. 1920ల రెండో సగంలో మైకు వచ్చాక గొంతు చించుకునే అవసరమూ తప్పింది. మెల్లగా పలికినా అక్షరం అందుతుంది. మద్రాసు హెచ్.ఎం.వి.లో పనిచేసిన పేకేటి శివరాం ప్రోత్సాహంతో రికార్డులకు వచ్చిన ఘంటసాల పద్యాన్ని మలిచిన తీరు ఈ రెంటి ఫలితం. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఆయన గొంతులో విన్నవాళ్లు గమనించే ఉంటారు: రాగం పద్యపాదాన్ని ఎక్కడా కమ్మేయదు, యతి దగ్గర విరుపు భావానికి తగినంతే ఉంటుంది. ఛందస్సు పేరు తెలియనివాళ్లకు కూడా ఆ పద్యాలు నోటికొచ్చాయంటే ఆ పొదుపే కారణం. రంగస్థలం మీది ధాటి పోయిందని పాత నాటకాభిమానులు బాధపడితే కాదనలేం. కానీ ఆ ధాటి నాటకాల పరిషత్తుల్లో ఆ తర్వాతా బతికే ఉంది.

లాంగ్ ప్లే రికార్డు వచ్చి వైపుకు ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది. దీన్ని మనవైపు అందరికంటే బాగా వాడుకున్నది రాగాలాపన కాదు, స్తోత్రం. 1963లో హెచ్.ఎం.వి. తెచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం దాదాపు ఇరవై నిమిషాలు. పాత ప్లేట్ల మీదైతే ఆరేడు ముక్కలు చేయాలి, మధ్యమధ్య లేచి ప్లేటు తిప్పుతూ, ముల్లు మారుస్తూ ఎవరు దేవుణ్ణి మేలుకొలుపుతారు? అంతరాయం లేని వ్యవధి దొరికాకే అది తెల్లవారుజాము ఆచారమైంది. దీంతో ఒకే బాణీ ప్రమాణమై మిగతావి మరుగున పడ్డాయన్న ఫిర్యాదు నిజమే, ఇంతవరకు దానికి నాకు గట్టి జవాబు కనపడలేదు. ఘంటసాల 'భగవద్గీత' 1974లో బయటికొచ్చేనాటికి ఆయన లేరు. నిడివి పెరిగినా అందులో పాత ప్లేటు శిక్షణ కనిపిస్తుంది: ఏడు వందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరుకుని, శ్లోకం వెంటనే తెలుగు తాత్పర్యం చెప్పడం. ఎక్కడ ఆపాలో తెలిసిన గాయకుడు చేసిన కూర్పు అది.

ఇదంతా కళాసేవ కోసం జరగలేదు. ప్లేటుకు ప్రాణమైన లక్క మన అడవుల నుంచే వెళ్లేది, మన గొంతు అచ్చయి మనకే అమ్ముడై తిరిగొచ్చేది. 1908లో కలకత్తా సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీలు పెట్టింది కూడా ఇక్కడి గిరాకీ చూసే. 1931లో కొలంబియాతో కలిసి ఈ.ఎం.ఐ. అయ్యాక పోటీదారుల్లో పెద్దది కూడా ఇంట్లోకే వచ్చింది. ఏ పాట మిగలాలో వ్యాపారమే నిర్ణయించింది గనుక వీధి భాగవతం, జానపదం లాంటివాటికి దక్కిన చోటు చాలా తక్కువ. ప్లేటు నిడివి కత్తెర సినిమా పాట మీదా పడింది. తెరమీద నిడివి ఎక్కువైతే రికార్డుకు ఒక చరణం తీసేసేవారు, లేదా పాటను రెండు వైపులకూ పంచేవారు. 2017లో వచ్చిన కారవాన్ అనే పాటల పెట్టెలో కంపెనీ ఐదు వేల పాటలు నింపింది. ఆ పెట్టెకు నిడివి సమస్య లేదు గానీ, అందులో మోగేవి చాలావరకు పాత కొలతకు కత్తిరించిన పాటలే. తీసేసిన చరణం కావాలంటే ఇప్పటికీ సినిమా ప్రింటు వెతకాల్సిందే, ఆ ప్రింటు మిగిలి ఉంటే.